డ్రై క్లీనింగ్ షాపులోనే కాఫీ పెడదామనుకుంటున్నాం, రెండూ ఒకే చోట నడుస్తాయా? (అనంతపురం)

అనంతపురం చిన్నోడు:

అందరికీ నమస్తే. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మాది అనంతపురం. క్లాక్ టవర్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో నాయనకు డ్రై క్లీనింగ్ షాపు ఉంది, పెట్టి 27 ఏళ్లయింది. అంతకుముందు జేజినాయన ఊర్లో చెరువు కింద రేవులో ఉతికేవాడు, సౌడు మట్టి, బాన, ఆ కాలం. అంటే బట్ట మా ఇంట్లో మూడు తరాల పని. ఇప్పుడు షాపు చూసుకునేది నాయన, అన్న, వదిన. ఇస్త్రీకి ఇద్దరు మనుషులున్నారు. ధర్మవరం పక్కనే కాబట్టి పట్టుచీరలే ఎక్కువ వస్తాయి: డ్రై వాష్, రోలింగ్, పాలిష్. సీజన్లో పెళ్లివాళ్ల సూట్లు, షేర్వానీలు.

నేను బెంగళూరులో ఆరేళ్లు కాఫీ షాపుల్లో చేశాను. మొదట కప్పులు కడిగాను, తర్వాత మెషిన్ మీద నిలబడ్డాను, చివరి ఏడాదిన్నర గింజలు వేయించే దగ్గర. నాయనకు మోకాళ్లు అరిగి నిలబడలేకపోతున్నాడని మొన్న సంక్రాంతికి వచ్చినవాణ్ణి మళ్లీ వెళ్లలేదు. షాపు 14 అడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు ఉంటుంది. ముందు పది అడుగులు ఖాళీ చేసి కాఫీ పెడదామని నా ఆలోచన. మామూలు కాఫీ కాదు, ఏ తోట గింజో, ఎప్పుడు వేయించారో చెప్పి ఇచ్చే స్పెషాలిటీ కాఫీ.

ఊరికే మోజుతో అనడం లేదు. 12 రోజులు కౌంటర్ దగ్గర కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రోజుకు సగటున 38 మంది వస్తున్నారు. పైగా ఇచ్చేటప్పుడు ఒకసారి, తీసుకెళ్లేటప్పుడు ఒకసారి, ఒక్కో మనిషి రెండుసార్లు వస్తాడు. తీసుకోవడానికి వచ్చినప్పుడు ఇస్త్రీ కాలేదనో, ఫాల్స్ కుట్టేవాళ్లు ఇంకా పంపలేదనో పావుగంట నిలబడేవాళ్లు చాలామంది. ఇంకో సంగతి, ఆషాఢంలోనూ మూఢాల్లోనూ పెళ్లిళ్లు ఉండవు కాబట్టి మాకు పని సగానికి సగం పడిపోతుంది, ఇస్త్రీ వాళ్ల జీతాలకే నాయన అవస్థ పడతాడు. కాఫీకి మూఢం లేదు కదా.

ఇక నన్ను ఆపేసిన విషయం. వెనక మెషిన్‌లో మాది పెట్రోల్ వాష్. మాకు వాసన అలవాటైపోయింది, తెలియదు. పోయిన నెల చిక్కమగళూరు నుంచి తెప్పించిన గింజల ప్యాకెట్ షాపులోనే విప్పి, క్లిప్ పెట్టి అల్మారాలో ఉంచాను. మర్నాడు ఇంట్లో కాఫీ చేసి బెంగళూరు నుంచి వచ్చిన ఫ్రెండుకు ఇస్తే, ఒక గుక్క తాగి, "కిరసనాయిలు వాసన వస్తోంది రా" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ వాసన పోగొట్టే మార్గం ఉందా, లేక ఈ ఆలోచనే మానుకోవాలా? ధర ఎంత పెట్టాలి, అన్నతో లెక్కలు ఎలా పెట్టుకోవాలి అన్నది కూడా తెలిసినవాళ్లు చెప్పండి. గింజలు వేయించే చిన్న గ్యాస్ రోస్టర్ కొనాలని కూడా ఉంది.

---

గుత్తి రోడ్డు:

వద్దు బ్రదర్. బట్టల షాపుకు వచ్చినవాడు బట్టల కోసం వస్తాడు, కాఫీ తాగేవాడు కూర్చోవడానికి వస్తాడు. పక్కన మురికి బట్టల మూటలు కనిపిస్తుంటే ఎవరికీ తాగబుద్ధి కాదు. ఉన్న షాపు బాగా నడుస్తోంది కదా, నీకు కాఫీ మీద అంత ప్రాణం ఉంటే యూనివర్సిటీ వైపు విడిగా పెట్టుకో.

---

కడప అక్క:

తమ్ముడూ, మాది కడపలో డ్రై క్లీనింగే, మా అత్తగారి వాళ్లది. నేను ఈ ఇంటికి వచ్చి 19 ఏళ్లు, చదివింది కెమిస్ట్రీ. నీ ఫ్రెండు ఆ మాట చెప్పడం నీ అదృష్టం, లేకపోతే అదే కాఫీ ఊరందరికీ పోసేవాడివి.

ముందు ఒకటి గుర్తు పెట్టుకో. వాసన పోగొట్టడం వేరు, ఆవిరి పోగొట్టడం వేరు. అగరుబత్తి పెడితే వాసన మరుగున పడుతుంది, ఆవిరి అక్కడే ఉంటుంది. రోజంతా అందులో ఉండే మన ముక్కు అసలు నమ్మదగింది కాదు. వేయించిన గింజ లోపలంతా సన్నని రంధ్రాలు, దానికి తోడు నూనె. చుట్టుపక్కల ఏ వాసన ఉన్నా పీల్చుకుంటుంది. పాలు, వెన్న కూడా అంతే, ఎందుకంటే ఈ సాల్వెంట్లు (డ్రై క్లీనింగ్‌లో బట్ట ఉతికే ద్రవాలు) కొవ్వులో బాగా కరుగుతాయి. న్యూయార్క్‌లో డ్రై క్లీనింగ్ షాపుల మీది ఇళ్లలో పరీక్ష చేస్తే ఇంట్లో ఉన్న వెన్నలో పర్‌క్లోరో అనే సాల్వెంట్ దొరికింది. మేడ మీది ఇంట్లోకే అంత పోయిందంటే, పక్కనే పది అడుగుల దూరంలో నువ్వు రోజంతా పాలు కాచబోతున్నావు.

మీది పెట్రోల్ వాష్ అన్నావు, అంటే మినరల్ టర్పెంటైన్ అయి ఉంటుంది. అది 40 డిగ్రీల అటూ ఇటూ వేడికే అంటుకునేంత ఆవిరి వదులుతుంది, కొన్ని రకాలకు ఇంకా తక్కువే చాలు. మే నెలలో అనంతపురంలో మధ్యాహ్నం షట్టరు కింద ఎంత వేడి ఉంటుందో నాకంటే నీకే బాగా తెలుసు. అక్కడ గ్యాస్ రోస్టర్ అనే మాట మళ్లీ ఎత్తొద్దు. సరే పర్‌క్లోరో మెషిన్‌కు మారదాం, అది అంటుకోదు కదా అంటావేమో. అంటుకోదు, కానీ దాని ఆవిరి మంట మీదికి పోతే విరిగి ఫాస్జీన్ లాంటి విషవాయువులు పుడతాయి. పైగా పర్‌క్లోరోను ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ మనుషులకు బహుశా క్యాన్సర్ తెచ్చేవాటి గుంపులో, అంటే 2ఎ లో పెట్టింది. అమెరికాలో 2024 డిసెంబరులో డ్రై క్లీనింగ్‌కు దాని వాడకాన్ని పదేళ్లలో పూర్తిగా మాన్పించేలా రూలు తెచ్చారు. కొత్తగా ఇప్పుడు దాంట్లో డబ్బు పోయొద్దు.

అందుకని నా మాట ఒక్కటే: మెషిన్ అక్కడి నుంచి లేవాలి. షాపులో బట్ట తీసుకోవడం, ఇవ్వడం, ఇస్త్రీ మాత్రమే ఉండాలి. ఊరి చివర ఒక షెడ్డు చూసుకో, గాలి ధారాళంగా వచ్చేది. మేమూ 2016లో అదే చేశాం. అద్దె భారం అనిపించింది కానీ మా మామగారి తలనొప్పి రెండు నెలల్లో తగ్గింది, అది మేం అనుకోని లాభం.

అంతటితో అయిపోలేదు. వాష్ అయిన బట్టను వెంటనే ప్లాస్టిక్ కవరులో వేస్తే సాల్వెంట్ అందులోనే ఉండి, షాపుకు వచ్చాక మెల్లగా బయటికి వస్తుంది. కాబట్టి బట్టలు షెడ్డులోనే ఒక రోజంతా గాలికి ఆరాలి, ఆ తర్వాతే కవరు, ఆ తర్వాతే షాపు. షాపులో కూడా బట్టలు వేలాడే భాగానికీ కాఫీకీ మధ్య కింది నుంచి పైకప్పు దాకా అద్దం గోడ కట్టించు. ఎగ్జాస్ట్ ఫ్యాను బట్టల వైపు వెనక గోడకు, కింద పెట్టించు. ఈ ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతుంది. పైన ఫ్యాను పెట్టి లాభం లేదు. వీధి గాలి కాఫీ మీదుగా లోపలికి పోయి వెనక నుంచి బయటపడాలి, ఎదురు రాకూడదు.

గుత్తి రోడ్డు తమ్ముడు చెప్పిన మురికి మూటల మాట నిజమే. దానికి జవాబు కూడా ఆ గోడే. బట్ట తీసుకునే బల్ల మీద కప్పు పెట్టనివ్వొద్దు, బట్ట లోపలికి వెళ్లాకే కాఫీ చేతికి ఇవ్వు. పట్టుచీర మీద పాల కాఫీ పడితే అందులో మూడు రకాల మరకలు: పాల మాంసకృత్తులు, వెన్న, కాఫీ టానిన్. డ్రై వాష్ వెన్నను తీస్తుంది కానీ టానిన్‌ను తీయదు, అది నీళ్లతో తీయాల్సిన మరక. వేడి తగిలితే మాంసకృత్తులు గట్టిపడి కూర్చుంటాయి. గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు, చల్లనీళ్లే వాడాలి. వెనిగర్ వాడేవాళ్లు జరీ దగ్గరికి పోనివ్వకూడదు, జరీ నల్లబడుతుంది. ఈ మాటలన్నీ మీ నాయనకు తెలిసినవే, కాఫీ పోసేవాడివి కాబట్టి నీకు చెప్తున్నా.

చివరగా ఇంకో ప్రశ్న, కోపం తెచ్చుకోవద్దు. వదిన కౌంటర్ చూస్తుందన్నావు. రేపు కాఫీ కప్పులు ఎవరు కడుగుతారు? మా ఇంట్లో పదేళ్లు నా పనికి లెక్క లేదు, "ఇంటి షాపే కదా" అనేవాళ్లు. 2016లో షెడ్డు తీసుకున్నప్పుడు నా పేరు మీద నెలకింత అని రాయించుకున్నాను. నువ్వు మొదటి రోజే వదిన జీతం పుస్తకంలో ఒక వరుసగా రాయి, లేదా కాఫీ వైపు వేరే మనిషిని పెట్టుకో.

---

కర్నూలు డికాక్షన్:

అక్క చెప్పినదాని మీద నేను చెప్పేదేమీ లేదు. కాఫీ వైపు నాకు తెలిసింది చెప్తా. కర్నూలులో నాలుగేళ్లుగా చిన్న కాఫీ షాపు నడుపుతున్నాను, పక్క గదిలో మా అమ్మ టైలరింగ్.

మొదటిది నీళ్లు. అనంతపురం బోరు నీళ్లతో మెషిన్ పెడితే ఏడాది తిరక్కుండా బాయిలర్‌లో సున్నం పేరుకుని అది మూలన పడుతుంది. టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో చూపేది) నాలుగైదు వందల రూపాయలు, ముందు అది కొను. కాఫీకి 150 దగ్గర ఉంటే బాగుంటుంది. చాలామంది ఆర్వో పెట్టి 20, 30కి దించేస్తారు. అలా చేస్తే కాఫీ చప్పగా, పుల్లగా వస్తుంది, మెషిన్ లోహాన్ని కూడా తింటుంది. ఆర్వో నీళ్లలో కొంచెం మామూలు నీళ్లు కలిపే వాల్వ్ ఉన్నది తీసుకో. నీకు ఇక్కడ ఒక లాభం ఉంది. ఇస్త్రీకి స్టీమ్ బాయిలర్ ఉంటుంది కదా, దానికీ ఇదే సున్నం బాధ. ఒక సాఫ్ట్‌నర్ కొంటే రెండింటికీ పనికొస్తుంది, సగం ఖర్చు బట్టల వైపు, సగం కాఫీ వైపు రాసుకోవచ్చు. అయితే సాఫ్ట్‌నర్ సున్నాన్ని ఆపుతుంది కానీ టీడీఎస్‌ను తగ్గించదు, కాబట్టి కాఫీకి దాని తర్వాత ఆర్వో తప్పదు.

ఇస్త్రీ స్టీము గురించి కూడా చూసుకో. గ్రైండర్‌ను ఇస్త్రీ బల్లలకు దూరంగా పెట్టు. తేమ మారితే పొడి తీరు మారుతుంది, పొద్దున 28 సెకన్లలో దిగిన షాట్ (మెషిన్‌లో ఒకసారికి దిగే డికాక్షన్) మధ్యాహ్నం 40కి పోతుంది.

ఇక ధర. నేను బెంగళూరు చూసి వచ్చి లైట్ రోస్ట్ పోర్ ఓవర్ (తక్కువగా వేయించిన గింజల పొడి మీద వేడినీళ్లు పోసి వడకట్టే కాఫీ) 150కి పెట్టాను. మొదటి నెలలో ఒకాయన తాగి ఎంతో మర్యాదగా, "అబ్బీ, పాలు పోయలేదు కదా, మరి ఎందుకు విరిగినట్టు పుల్లగా ఉంది?" అని అడిగాడు. ఆయన తప్పేమీ లేదు. పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని వచ్చిన నోటికి గట్టిగా, వేడిగా ఉన్న కాఫీ కావాలి. అప్పటి నుంచి నా షాపులో ముందు వరుసలో ఉండేది ఫిల్టర్ కాఫీ, అరకు అరబికా మీడియం రోస్టు, చికోరీ లేకుండా, 40 రూపాయలు. చికోరీ కావాలని అడిగేవాళ్లకు 80:20 కూడా పెట్టాను, చిన్నచూపు చూడలేదు. రోజూ వచ్చేవాళ్లలో కొందరు ఆరు నెలలకు వాళ్లంతట వాళ్లే చికోరీ మానేశారు. ఎస్ప్రెస్సో రకాలు 70 నుంచి. పోర్ ఓవర్ అడిగినవాళ్లకే చేస్తా.

లెక్క వేసుకో. కిలో గింజలు 1,200 అనుకుందాం. షాటుకు 18 గ్రాములు, సెట్టింగుకు పోయింది పోగా 50 షాట్లు వస్తాయి, అంటే గింజలకే 24 రూపాయలు. పాలు, కప్పు, కరెంటు కలిపితే 45 దాకా పోతుంది. 70కి అమ్మితే 25 మిగులుతుంది, అందులోంచే మనిషి జీతం. కాబట్టి రోస్టర్ కల ఇప్పుడు పక్కన పెట్టు. చిక్కమగళూరులోనో బెంగళూరులోనో వేయించినవి తెప్పించుకో, రాత్రి బస్సు పార్సిల్‌లో పొద్దుటికి వస్తాయి. వేయించిన తేదీ చూసుకుని వారం ఆగి విప్పు, నెలలోపు అయిపోయేంతే తెప్పించు.

---

అనంతపురం చిన్నోడు:

అక్కా, అన్నా, ఇద్దరికీ దండాలు. మెషిన్ లేపడం అంటే నాయన ఏమంటాడో అని రెండు రోజులు చెప్పలేదు. చెప్పాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు పదేళ్లుగా పొద్దున్నే తల దిమ్ముగా ఉంటుంది, వయసు అనుకున్నా" అన్నాడు. అక్కా, నువ్వు మీ మామగారి గురించి రాసింది చదివి వినిపించాను. కాఫీ పెట్టినా పెట్టకపోయినా మెషిన్ మాత్రం మారుస్తున్నాం, అది తేలిపోయింది. రుద్రంపేట బైపాస్ వైపు రెండు షెడ్లు చూశాం.

అన్నతోనే ఇంకా తేలలేదు. షెడ్డు అద్దె కాఫీ వల్ల వచ్చిన ఖర్చు కాబట్టి కాఫీ మీదే వేయాలంటాడు.

---

లెక్కల మాస్టారు, కడప:

బాబూ, నేను 30 ఏళ్లుగా చిన్న వ్యాపారాలకు లెక్కలు రాసేవాణ్ణి. అన్నదమ్ములు విడిపోయిన షాపులు ఎన్నో చూశాను. నష్టం వచ్చి విడిపోయినవాళ్లు తక్కువ, ఎవరి డబ్బు ఎందులో పోయిందో తెలియక విడిపోయినవాళ్లే ఎక్కువ.

షెడ్డు అద్దె బట్టలదే. మెషిన్ బట్టలది, దాని ఆవిరి బట్టలది, పాతికేళ్లుగా మీ నాయన ఒంటి మీద పడిన ఖర్చు ఇప్పుడు కాగితం మీదికి వచ్చింది, అంతే. ఈ మాట మీ అన్నతో నెమ్మదిగా చెప్పు. దానికి బదులు ముందు పది అడుగులకు కాఫీ వైపు నుంచి నెలనెలా అద్దె కట్టు, ఇంటి షాపే అని ఉచితంగా వాడుకోవద్దు. కరెంటుకు సబ్ మీటరు పెట్టించు. ఎస్ప్రెస్సో మెషిన్ మూడు, నాలుగు కిలోవాట్లు లాగుతుంది, ఉన్న లోడు సరిపోతుందో లేదో ముందే కనుక్కో.

ఇప్పుడు పన్ను. రెండూ నాయన పాన్ మీదే ఉంటే రెండింటి టర్నోవరు కలిపి చూస్తారు. సేవలకు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు, విడివిడిగా చూస్తే దాటని రెండు షాపులు కలిస్తే దాటిపోవచ్చు. కాఫీకి హోటల్ లెక్కన 5 శాతం, ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన పన్ను తగ్గించుకోవడం) రాదు. టర్నోవరు మీద ఇంత శాతం అని సులువుగా పన్ను కట్టే హోటళ్ల కాంపోజిషన్‌లోకి పోదామంటే మిగతా సేవల ఆదాయం మొత్తంలో 10 శాతం లేదా 5 లక్షలు, ఏది ఎక్కువైతే అంతవరకే ఉండాలి. మీకు డ్రై క్లీనింగే పెద్దది కాబట్టి ఒకే పేరు మీద అది కుదరదు. అందుకని కాఫీ నీ పేరు మీద, నీ పాన్ మీద, వేరే బ్యాంకు ఖాతాతో పెట్టుకో. నాయనతో అద్దె అగ్రిమెంటు రాసుకో. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్, కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు నీ పేరుతోనే తీసుకో. తనిఖీకి వచ్చినవాళ్లు తిండి దగ్గర రసాయనాలు ఉన్నాయా అని చూస్తారు, మెషిన్ షెడ్డుకు పోతే ఆ భయమూ ఉండదు.

గల్లాపెట్టెలు రెండు ఉండాలి. చీర డబ్బులూ కాఫీ డబ్బులూ ఒకే ఫోన్‌పే స్కానర్‌లో పడనివ్వొద్దు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, నేను చూసిన గొడవల్లో సగం అక్కడే మొదలయ్యాయి.

---

గుత్తి రోడ్డు:

మెషిన్ బయటికి పోతోందంటే నేను ముందు అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. ఎప్పుడు మొదలుపెడతారో చెప్పు, వస్తా.

---

అనంతపురం చిన్నోడు:

ఐదు వారాల తర్వాత రాస్తున్నా. మెషిన్ షెడ్డుకు పోయింది. షాపు పది రోజులు మూసి గోడలకు సున్నం వేయించాం, వెనక గదిలో 27 ఏళ్ల పాత చెక్క అరలు పీకి పారేశాం, వాసన వాటిలోనే ఎక్కువ పట్టి ఉంది. అద్దం గోడ కట్టాం, ఎగ్జాస్ట్ అక్క చెప్పినట్టే నేలకు జానెడు ఎత్తులో పెట్టించాం. మేస్త్రీ పైన పెడదామని రెండుసార్లు వాదించాడు.

తర్వాత పరీక్ష చేశాను. ఒకే ప్యాకెట్ పొడి మూడు గిన్నెల్లో వేసి ఒకటి కాఫీ వైపు, ఒకటి బట్టల వైపు, ఒకటి ఇంట్లో రాత్రంతా తెరిచి ఉంచాను. పొద్దున్నే అదే ఫ్రెండును బెంగళూరు నుంచి పిలిపించి ఏది ఎక్కడిదో చెప్పకుండా ఇచ్చాను. ఇంటిదీ కాఫీ వైపుదీ తేడా లేదన్నాడు. బట్టల వైపుది మాత్రం దూరంగా పెట్టి, "ఇందులో ఏదో ఉంది" అన్నాడు. అంటే గోడ పని చేస్తోంది, కానీ బట్టలు ఇంకా పూర్తిగా ఆరకుండా వస్తున్నాయి. షెడ్డులో వేలాడదీసేది ఒక రోజు నుంచి రెండు రోజులు చేశాం. ఎక్స్‌ప్రెస్ డెలివరీ బోర్డు తీసేశాం. దాని వల్ల కొందరు కస్టమర్లు పోతారని అన్నకు బాధగా ఉంది, నాకూ ఉంది.

వదిన జీతం పుస్తకంలో రాశాం. తను కప్పులు కడగదు, కాఫీ చేయడం నేర్చుకుంటానంది, నేర్పిస్తున్నాను. అద్దె అన్నతో తేలింది, స్కానర్లు రెండు పెట్టాం. నీళ్లు ఆర్వో, కలిపే వాల్వ్ పెట్టాక 140 దగ్గర నిలిచాయి. శ్రావణంలో మొదలుపెడతాం, అప్పుడు చీరలు ఎక్కువ వస్తాయి కాబట్టి నిలబడేవాళ్లూ ఎక్కువ ఉంటారు. ఫిల్టర్ కాఫీ 40.

అక్కా, రెండు రోజులు ఆరబెట్టాక కూడా లైనింగ్ ఉన్న సూట్లలో వాసన నిలుస్తోంది, చీరల్లో లేదు. దానికేం చేయాలి?

---

కడప అక్క:

భుజాల దగ్గర ప్యాడింగ్‌లో నిలుస్తుంది తమ్ముడూ. సూట్లు తిరగేసి వేలాడదీయండి, కింద నుంచి టేబుల్ ఫ్యాను పెట్టండి, మూడో రోజు వాసన చూసి కవరు వేయండి. వాసన చూసేది మీ ఇంట్లోవాళ్లు కాకుండా షెడ్డుకు రాని మనిషి అయి ఉండాలి.